కొబ్బరిముక్క పెట్టిన ముద్ద

తాండూరు స్టేషన్‌కు పొద్దున ఆరున్నరకే చేరింది హనుమంతు సంసారం. బండి వచ్చేది ఏడుంబావుకు. ఇల్లు కదిలాడంటే హనుమంతుకు ఒకటే భయం, బండి తనను మోసం చేసి ముందే వెళ్లిపోతుందని. ఆయన వెనక భార్య రాధమ్మ నెత్తిన పూజసామాను గంప, ఆమె వెనక కొడుకు పాండురంగం, అతని చంకలో ఐదేళ్ల మనోరమ. అందరికంటే వెనక కోడలు ఇంద్రమ్మ. ఆమె చేతిలో ఉన్నది సద్దిమూట. జొన్నరొట్టెలు, మలీద ముద్దలు, ఇంత పచ్చడి, అంతే. అయినా ఆ మూటను పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని నడుస్తోంది.

ప్రయాణం మల్ఖేడుకు. తాండూరు పక్కన పారే కాగ్నా ఏరే అక్కడిదాకా పోయి, పాత కోట గోడల కిందుగా పారుతుంది. వెనకటి కాలంలో మల్ఖేడు పెద్ద రాజుల రాజధాని అని పాండురంగం ఎక్కడో చదివాడు, వారం రోజులుగా ఇంట్లో అందరికీ చెబుతున్నాడు. రాధమ్మకు రాజులతో పని లేదు. కోట కింద ఏటి ఒడ్డున ఉన్న ఎల్లమ్మ గుడితోనే ఆమె పని. ఆమె తల్లిగారిది ఆ దిక్కే, చిన్నప్పటి నుంచీ ఆ అమ్మకే మొక్కు.

ఆ మొక్కు మనోరమ కన్ను కోసం. పోయిన ఎండాకాలంలో పిల్లకు మశూచి సోకి తల్లి పోసింది. ఒళ్లంతా మానింది గాని ఎడమ కంట్లో తెల్లగా పువ్వు పడింది. వికారాబాద్ దవాఖానకు తీసుకుపోతే డాక్టరమ్మ కంట్లో వేసే మందు ఇచ్చి, "మూడు నెలలకు మళ్లీ తప్పకుండా తీసుకురండి, ముదిరితే నా చేతిలో ఉండదు" అని గట్టిగా చెప్పింది. రాధమ్మ ఇంటికొచ్చి అమ్మకు మొక్కుకుంది. పిల్లకు చూపొస్తే వెండి కండ్లు చేయించి తెచ్చి ఇస్తానంది. రెండు నెలలు గడిచాక ఒకరోజు పొద్దున ఇంద్రమ్మ పిల్ల కుడికన్ను అరచేత్తో మూసి, మూడు వేళ్లు చాపి, ఎన్ని అని అడిగింది. పిల్ల మొదట రెండంది. సరిగ్గా చూడు బిడ్డా అంటే, మూడంది. ఇంక చూడండి ఆ ఇంట్లో సంబరం. రాధమ్మ ఏడ్చింది, హనుమంతు కొట్టుకు పోయి బెల్లం తెచ్చి వాడకంతా పంచాడు. ఆ రోజు నుంచి పొద్దున్నే మూడు వేళ్లు చాపి అడగడం, పిల్ల మూడని చెప్పడం, అందరూ నవ్వడం, వాకిట్లో చాన్పి చల్లినంత అలవాటైపోయింది. వికారాబాద్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. నయమైన కన్నుకు దవాఖాన ఎందుకు?

వెండి కండ్లు ఇంద్రమ్మ తల్లి కడియం కరిగించి చేయించినవి. తల్లి పోతూ పోతూ ఒక్క కడియం కూతురి చేతిలో పెట్టిపోయింది. అవుసలాయన దాన్ని కరిగించి, చింతగింజ అంత నల్లగుడ్డు చెక్కి, రెప్పలు తీర్చి, రెండు కండ్లు చేసి ఇచ్చాడు. వాటిని అరచేతిలో పెట్టుకుంటే నిజంగా చూస్తున్నట్టే ఉండేవి.

అంతా బాగానే ఉంది. హనుమంతు నోరే బాగాలేదు. మొన్న నవంబరులో రాష్ట్రాలు విడదీశారు. అంతకుముందు తాండూరూ సేడమూ ఒకే గుల్బర్గా జిల్లా. ఇప్పుడు తాండూరు ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది, సేడం, మల్ఖేడు మైసూరుకు పోయాయి. హనుమంతుకు దీంట్లో కనిపించింది ఒక్కటే. నడుమ సరిహద్దు పడింది.

"సరిహద్దన్నంక సుంకం నాకా లేకుంట ఉంటదా?" అన్నాడు ముందురోజు రాత్రి అన్నం తింటూ. "నిజాం రోజులల్ల నేను షోలాపూర్ నుంచి వస్తుంటే మూట ఇప్పిచ్చిన్రు. వెండి మొలతాడు చూసి, దీని రసీదేదిరా అన్నరు. పొద్దంత కూసుండవెట్టిన్రు. ఆకిరికి అది ఆడనే ఇడిసిపెట్టి వొచ్చిన."

"అప్పటి ముచ్చట అది, నాయినా. ఇప్పుడు దేశమంత ఒక్కటే. రాష్ట్రానికి రాష్ట్రానికి నడుమ మూటలు ఇప్పెటోళ్లు ఎవ్వరుండరు," అన్నాడు పాండురంగం.

"పేపర్ల రాసిండ్రా?"

"రాసిన్రు."

"పేపరోడు వచ్చి నా మూట కాపాడ్తడా?" అని హనుమంతు చేయి కడుక్కున్నాడు.

ఇంద్రమ్మ ఇద్దరి మాటా విన్నది. మొగుడు పేపరు చదువుతాడు నిజమే గాని, నెత్తికి చుట్టుకున్న తువ్వాలను ఇల్లంతా వెతికే మనిషి. మామ స్వయంగా నష్టపోయిన మనిషి. ఆమెకు మామ భయమే నమ్మకంగా అనిపించింది. కండ్లకు రసీదు ఎక్కడిది? తల్లి కడియానికి రసీదు ఉంటుందా?

తెల్లారి అందరికంటే ముందు లేచి ఆమె ఒక పని చేసింది. రాధమ్మ మలీద రెండు వాటాలు చేసింది, ఒకటి అమ్మకు నైవేద్యం, ఒకటి దారిలో తినడానికి. నైవేద్యం ముట్టుకుంటే పాపం. అందుకని తినే ముద్దల్లో ఒకదాన్ని విప్పి, వెండి కండ్లు రెండూ నడుమ పెట్టి, మళ్లీ గట్టిగా ఒత్తింది. ఆనవాలుగా పైన ఒక కొబ్బరిముక్క గుచ్చింది. రొట్టె, బెల్లం, నెయ్యి కలిపి ఒత్తిన ముద్ద లోపల వెండి ఉందని ఏ నాకావాడు కనిపెడతాడు? ఎవరికైనా చెబుదామా అనుకుంది. మామకు చెబితే స్టేషన్‌లో ఆయన మొహమే అందరికీ చెప్పేస్తుంది. అత్తకు చెబితే మొక్కు సొమ్ము ఎంగిలి ముద్దలో పెడతావా అని తిడుతుంది. మొగుడికి చెబితే నవ్వుతాడు. మల్ఖేడులో దిగగానే తీసి కడిగి కొంగున కట్టుకుందామనుకుని ఊరుకుంది.

బండి వచ్చింది. మూడో తరగతి పెట్టె, జనం కిటకిట. ఎట్లాగో ఒక బల్ల మీద సర్దుకున్నారు. మనోరమ కిటికీ పక్కన కూర్చుంటానని కుడివైపుకు జరిగింది. ఆమెకు ఎడమ పక్కన అప్పటికే ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. భుజాన నల్ల గొంగడి, ఒడిలో రేగుపండ్ల గంప.

"యాడిదాక, అమ్మా?" అని రాధమ్మ పలకరించింది. పక్క మనిషిని పలకరించకుండా రాధమ్మ బండిలో అర మైలు కూడా పోదు.

"సేడం. ఇయ్యాల అంగడి. నా పేరు బీరమ్మ. సేడం పక్కన్నే మా ఊరు. బిడ్డ ఇంటికొచ్చి మల్లిపోతున్న," అంది ముసలమ్మ. ఆ మాటల్లో కన్నడం సాగదీత కొద్దిగా ఉంది.

రాధమ్మ ఇంకేం, మొత్తం చెప్పింది. పిల్లకు తల్లి పోసిన సంగతి, కంట్లో పువ్వు, మల్ఖేడు ఎల్లమ్మ, వెండి కండ్లు, సాయంత్రం ఇదే బండికి మళ్లడం. వెండి అనే మాట వినబడగానే ఇంద్రమ్మ చుట్టూ చూసింది. ఎదురు బల్ల మీద టోపీ పెట్టుకున్న ఒకాయన నిద్రపోతున్నాడు. నిజంగా నిద్రేనా అని ఆమెకు అనుమానం వచ్చింది.

"మెల్లగ, అత్తమ్మా," అంది.

"మెల్లగ ఎందుకే? దొంగతనం జేసినమా?" అంది రాధమ్మ.

మనోరమ ముసలమ్మ వైపు తల పూర్తిగా తిప్పి చూసింది. "అవ్వా, నీ కంట్ల గూడ పువ్వున్నదా?"

నిజమే, బీరమ్మ ఒక కన్ను పాలలాగా తెల్లగా ఉంది. ఇంద్రమ్మ పిల్లను గిల్లబోయింది గాని ముసలమ్మ నవ్వింది. "ఉన్నది బిడ్డా. నీ అంత ఉన్నప్పుడు పడ్డది."

"కనబడ్తదా?"

"ఊహూ."

మనోరమ మళ్లీ కిటికీ వైపు తిరిగింది. బీరమ్మ గంపలోంచి దోరగా ఉన్న రేగుపండ్లు నాలుగు ఏరి పిల్ల ఎడమ చెంప పక్కన చేయి చాపి పట్టుకుంది. పిల్ల తీసుకోలేదు. చేయి అక్కడే ఉంది, పిల్ల కిటికీలోంచి చూస్తూనే ఉంది.

"తీస్కో బిడ్డా, అవ్వ ఇస్తుంది," అంది ఇంద్రమ్మ. "సిగ్గు దీనికి."

అప్పుడు మనోరమ తిరిగి పండ్లు తీసుకుంది. ముసలమ్మ తన ఒక్క కంటితో పిల్లను చూస్తూ కూర్చుంది.

బషీరాబాద్ దాటింది. ఇంకాసేపటికి సరిహద్దు అన్నాడు హనుమంతు, కిటికీలోంచి తల బయటపెట్టి. కందికోత అయిపోయిన చేలు, అవే నల్లరేగళ్లు, అవే నాపరాళ్ల గుట్టలు. సరిహద్దు ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు. సరిగ్గా అప్పుడే పెట్టె ఆ చివర నల్లకోటు వేసుకున్న మనిషి కనిపించాడు.

ఇంద్రమ్మ సద్దిమూటను ఒడిలోకి లాక్కుంది. ఆ మనిషి ఒక్కొక్కరి దగ్గర ఆగుతున్నాడు, చేయి చాపుతున్నాడు, కన్నడంలో ఏదో అంటున్నాడు. హనుమంతు మొహం పాలిపోయింది. "నాకాయనే," అన్నాడు గొంతు తగ్గించి. పాండురంగం తండ్రిని చూసి, "టికెట్ల సాబు నాయినా, టికెట్లు చూస్తుండు అంతే," అన్నాడు. అతని మాట ఎవరి చెవికీ ఎక్కలేదు.

నల్లకోటు మనిషి వాళ్ల బల్ల దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. "టికెట్ తోర్సి," అన్నాడు. అదే సమయానికి రాధమ్మకు పిల్ల ఆకలి గుర్తొచ్చింది. కోడలి ఒడిలోంచి సద్దిమూట లాక్కుని విప్పింది. మొక్కుకు పోయేటప్పుడు దారిలో తినే మొదటి ముద్ద పరాయి నోటికే పోవాలన్నది ఆమె పట్టింపు. ఆమె తల్లి అట్లాగే చేసేది, ఆమె అత్తా అట్లాగే చేసింది. పరాయి మనిషికి ఇచ్చేటప్పుడు ఉన్నవాటిలో మంచిది ఇవ్వాలి కదా. రాధమ్మ ముద్దలన్నీ చూసి, కొబ్బరిముక్క పెట్టి అందంగా ఉన్న ముద్దను ఏరి, బీరమ్మ చేతిలో పెట్టింది.

"తిను బీరమ్మా. నువ్వు తింటెనే మేం తినేది."

ఇంద్రమ్మ నోరు తెరిచింది. ఎదురుగా నల్లకోటు, మెరిసే గుండీలు. ఆ ముద్ద వద్దంటే, ఎందుకు వద్దని ఆయన అడుగుతాడు. అందులో ఏముందంటాడు. తెరిచిన నోరు మూసుకుంది. బీరమ్మ ముద్దను ఒక అంచున ఇంత తుంచి నోట్లో వేసుకుంది. "మస్తుంది. మిగిలింది మనుమరాలికి తీస్కపోత," అని కొంగు చివర ముడి వేసుకుంది.

పాండురంగం టికెట్లు చూపించినా నల్లకోటు మనిషి వెళ్లలేదు. టోపీ ఆయనకు టికెట్ లేదట, వాళ్లిద్దరికీ వాదం మొదలైంది. ఒకాయన కన్నడం, ఒకాయన ఉర్దూ. ఆ వాదం అట్లా సాగుతూనే ఉంది, ఇంద్రమ్మ కండ్లు బీరమ్మ కొంగుముడి మీదే ఉన్నాయి. ఇప్పుడు పోతాడు, ఇప్పుడు పోతాడు అనుకుంది. బండి నెమ్మదించింది. సేడం. గంపలు, మూటలు, కోళ్లు, ఒక్కసారి అందరూ లేచారు. నల్లకోటు మనిషి టోపీ ఆయనను తీసుకుని దిగాడు, అదే తోపులో బీరమ్మా దిగింది.

"అవ్వా," అని ఇంద్రమ్మ కిటికీ దగ్గరకు దూకింది. "ఓ బీరమ్మవ్వా."

అంగడి రోజు. ప్లాట్‌ఫారం మీద నల్లగొంగళ్లు వంద ఉన్నాయి. బండి కదిలింది.

"ఏమైందే?" అన్నాడు పాండురంగం.

"ఏం లేదు. మంచిగ పోయి రమ్మందామని," అంది ఇంద్రమ్మ. అట్లా ఎందుకు అన్నదో ఆమెకే తెలియదు. ఒకసారి దాచిన మనిషికి రెండోసారి దాచడం తేలికవుతుంది కాబోలు.

మల్ఖేడు స్టేషన్ నుంచి ఊరు దూరం. ఎడ్లబండిలో పోయారు. పాండురంగానికి ఇంక పట్టపగ్గాలు లేవు. ఇదిగో బురుజు, ఇదిగో దర్వాజ, ఇక్కడ ఏనుగులు కట్టేవాళ్లట అని చూపిస్తున్నాడు. కూలిన గోడల మధ్య జనం ఇండ్లు కట్టుకుని ఉంటున్నారు, రాజుల రాళ్ల మీద పిడకలు ఆరుతున్నాయి. హనుమంతు నాకా లేదని తేలిపోయిన సంతోషంలో కోటనంతా మెచ్చుకున్నాడు. ఇంద్రమ్మ ఏమీ చూడలేదు. బురుజు దగ్గర చెబుదామనుకుంది, దర్వాజ దగ్గర చెబుదామనుకుంది. అమ్మా తల్లీ, తప్పు నాది, కోపం నా మీద తీర్చుకో, పిల్ల కన్ను జోలికి పోకు అని మనసులో వందసార్లు మొక్కింది. పొద్దున తొందరలో పిల్లను వేళ్లు అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఇప్పుడు అడుగుదామంటే చేయి రాలేదు. అమ్మకు ఇప్పటికే కోపం వచ్చి ఉంటే?

ఏట్లో మోకాలి లోతు నీళ్లున్నాయి. పిల్లకు స్నానం చేయించారు. గుడి చిన్నది, మనిషి వంగి లోపలికి పోవాలి. గుడి చూసుకునే దేవమ్మ అనే పెద్దావిడ పసుపు చేతులతో బయటికి వచ్చి, "కండ్లు తేండ్రి," అంది.

రాధమ్మ కోడలి వైపు చేయి చాపింది.

ఇంద్రమ్మ తడి చీరతో అక్కడే రాయి మీద కూలబడింది. "లేవు, అత్తమ్మా," అంది. తర్వాత మొత్తం చెప్పింది. ముద్ద, కొబ్బరిముక్క, నల్లకోటు, బీరమ్మ కొంగు. చెబుతున్నంతసేపు ఆమె తల ఎత్తలేదు.

మొదట పాండురంగం మాట్లాడాడు. "నాకాల్లేవని చెప్పిన గద. మొగుని మాట కంటె నీకు..." అని, తండ్రి మొహం చూసి ఆపేశాడు. హనుమంతు ఏటి వైపు తిరిగి నిలబడ్డాడు. తప్పు తనదేనని ఆయనకు తెలుసు, ఆ మాట ఒప్పుకునే అలవాటే లేదు. రాధమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"నా చేత్తోనే ఇచ్చిన," అంది ఆమె. "ఏరి మరీ ఇచ్చిన." కోడలి వైపు తిరిగి, "మొక్కు దారి తప్పింది. పిల్ల కన్నుకు ఏమన్న అయితే ఎట్లనే?" అంది.

"కండ్లు లేంది మొక్కు చెల్లదు," అంది దేవమ్మ. "నైవేద్యం పెట్టి పొండ్రి. కండ్లు దొరికినంక మల్ల రాండ్రి. అమ్మ యాడికి పోదు."

నాయనమ్మ మాట విన్నప్పటి నుంచి మనోరమ తల్లి కొంగు విడవలేదు. మలీద పెడితే వద్దంది, ఏటి మీద ఎవరో ఎగరేస్తున్న గాలిపటం చూపిస్తే చూడలేదు. పిల్ల భయపడిందని ఇంద్రమ్మ ఎత్తుకుంది. పిల్ల తల్లి మెడ మీద మొహం పెట్టి, ఏదో చెప్పబోయి, మళ్లీ ఊరుకుంది.

సాయంత్రం బండి ఎక్కారు. హనుమంతు ఈసారి కిటికీలోంచి తల బయటపెట్టలేదు. సేడం వస్తోందనగానే ఇంద్రమ్మ లేచి తలుపు దగ్గర నిలబడింది. ఏ ఆశతో నిలబడిందో అడిగితే ఆమె చెప్పగలిగేది కాదు. అంత అంగడిలో ఒక ముసలమ్మ. ముద్ద మనుమరాలు తినేసి ఉంటుంది, వెండి అవుసలాయన దగ్గరకు చేరి ఉంటుంది. కిటకిటలో పేరు తప్ప ఊరు కూడా సరిగ్గా అడగలేదు.

బండి ఆగకముందే ఆమెకు కనిపించింది. నల్లగొంగడి, ఖాళీ గంప. బీరమ్మ ఒక్కొక్క కిటికీ దగ్గర ఆగి మంచి కన్ను దగ్గరగా పెట్టి లోపలికి చూస్తూ వస్తోంది. "మల్ఖేడుకు పోయినోళ్లు ఉన్నరా? పిల్ల ఉన్నోళ్లు?" అని అడుగుతోంది.

"అవ్వా, ఈడున్నం," అంది ఇంద్రమ్మ. ఆమెకు ఏడుపు ఆగలేదు.

బీరమ్మ కొంగుముడి విప్పి వెండి కండ్లు రెండూ ఆమె అరచేతిలో పెట్టింది. కడిగి తెచ్చింది, మెరుస్తున్నాయి. "అంగడికొచ్చిన మనుమరాలి పంటికి తగిలినయి. మధ్యాన్నం కాన్నుంచి ఈడనే కూసున్న," అంది. రాధమ్మ లోపలి నుంచి చేతులు జోడించింది. ఇంద్రమ్మ ముసలమ్మ కాళ్లకు వంగబోయింది. బీరమ్మ ఆమె చేయి గట్టిగా పట్టుకుంది.

"కాళ్లు మొక్కకు. ఒక మాట చెప్పాల్నని వొచ్చిన, బిడ్డా. కండ్లు ఇయ్యాల్నంటే స్టేషన్ మాస్టరుకన్న ఇచ్చి పోదును." ఆమె గొంతు తగ్గించింది. "నీ పిల్లకు ఆ కంటికి కనబడ్తలేదు."

"కనబడ్తది అవ్వా. దినాం అడుగుత. మూడంటే మూడని చెప్తది."

"పొద్దుగాల పండ్లు దాని చెంప పక్కన పట్టిన. సూడలే. నేను గూడ గట్లనే చెప్పిన చిన్నప్పుడు. మా అమ్మ ఏడుస్తుంటే సూడలేక, కనబడ్తుంది అని చెప్పిన. అందరు నవ్విన్రు. నవ్వినంక మల్ల ఎట్ల చెప్పాలె? ముదిరిపోయింది." గార్డు ఈల వేశాడు. "మొక్కు తర్వాత. ముందుగాల దవాఖానకు తీస్కపో."

బండి కదిలింది. బీరమ్మ ఇంద్రమ్మ చేయి వదిలి, రెండడుగులు బండితో నడిచి, ఆగిపోయింది.

ఇంద్రమ్మ వచ్చి పిల్ల ముందు కూర్చుంది. రాధమ్మ కండ్లు అందుకుని కొంగున కట్టుకుంటూ ఏదో అంటోంది, మళ్లీ అమావాస్యకు పోదామని. ఇంద్రమ్మ వినలేదు. అరచేత్తో పిల్ల కుడికన్ను మూసింది. రెండో చేయి ఒడిలోనే ఉంచింది, ఎత్తనే లేదు.

"ఎన్ని, బిడ్డా?"

"మూడు," అంది మనోరమ.

పాండురంగం చూశాడు, హనుమంతు చూశాడు. రాధమ్మ ముడి వేస్తున్న చేయి ఆగిపోయింది. పిల్లకు ఏదో తప్పు జరిగిందని తెలిసింది, ఏమిటో తెలియలేదు. "రెండు," అంది. మళ్లీ, "కాదు, మూడే," అంది.

ఇంద్రమ్మ పిల్లను ఒళ్లోకి లాక్కుంది. తాను ఒక్క పొద్దు దాచింది, అంతలోనే ప్రాణం పోయినంత పనయింది. ఈ ఐదేళ్ల పిల్ల నెలల తరబడి రోజూ పొద్దున్నే దాస్తూ వచ్చింది. ఎవరి కోసం? వాళ్లందరి నవ్వు కోసం. మూడు నెలలకు రమ్మన్న డాక్టరమ్మ మాట దాటి ఎన్ని నెలలయిందో ఆమె వేళ్ల మీద లెక్క వేసుకుంది. ఇంకా ముదరలేదేమో. ముదిరిందేమో. ఆ రెండు మాటలే తాండూరు దాకా ఆమె తలలో తిరిగాయి.

తాండూరు వచ్చేసరికి దీపాలు పెట్టే వేళ. అందరూ మూటలు తీసుకుని లేచారు. ఇంద్రమ్మ లేవలేదు.

"దిగు," అన్నాడు పాండురంగం.

"ఈ బండి వికారాబాద్ దాక పోతది గద. మీరు దిగుండ్రి. నేను పిల్లను తీస్కపోత. రాత్రికి దవాఖాన అరుగు మీదనన్న పంటం, పొద్దుగాల్నే డాక్టరమ్మకు చూపిస్త."

"టికెట్ ఈడిదాకనే ఉంది. నల్లకోటాయన వొచ్చి అడిగితే?"

"ఉన్నదున్నట్టు చెప్త."

పాండురంగం తువ్వాల దులిపి మళ్లీ ఆమె పక్కన కూర్చున్నాడు. రాధమ్మ అప్పటికే కూర్చుని, గంప బల్ల కిందికి తోసేసింది. హనుమంతు ఒక్కడే తలుపు దగ్గర నిలబడి, ప్లాట్‌ఫారం వైపు, ఇంజను వైపు మార్చి మార్చి చూశాడు. బండి తనను వదిలి పోతుందని జన్మంతా భయపడిన మనిషి, దబ్బున కిందికి దిగి, పంచె ఎగ్గట్టి టికెట్ల కిటికీ వైపు పరుగెత్తాడు. ఈల వేశాక, బండి కదులుతుండగా, వగరుస్తూ వచ్చి ఎక్కాడు. చేతిలో వికారాబాద్‌కు నాలుగు టికెట్లూ, పిల్లకు ఒక అర టికెట్టూ ఉన్నాయి. రాధమ్మ జరిగి చోటు ఇచ్చింది.

బండి మైలారం దాటాక మనోరమ తల్లి గడ్డం పట్టి తన వైపు తిప్పుకుంది.

"అమ్మా, దవాఖానల అడిగితే గూడ మూడే అనాల్నా?"

"వొద్దు బిడ్డా," అంది ఇంద్రమ్మ. "కనబడకుంటే కనబడ్తలేదని చెప్పు. మేమెవ్వరం ఏడ్వం."

పిల్ల తల్లి గడ్డం వదిలింది. "అయితే కనబడ్తలేదు," అంది.